ఊరంతా ఒకటే మాట

ముప్పై ఏళ్లు కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పాను. రిటైరయ్యాక మోకాళ్ల నొప్పులు, బీపీ గోళీలు, దినపత్రిక, ఈ మూడింటితోనే కాలం గడుస్తుందనుకున్నాను. అట్లాంటి రోజుల్లో, అసెంబ్లీ ఎన్నికలకు ఇంకో రెండు నెలలున్నాయనగా, హైదరాబాద్ నుంచి ఒక సర్వే సంస్థ మేనేజర్ ఫోన్ చేశాడు. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల సీట్లు నా చేతికి ఇస్తామన్నాడు. ఇల్లిల్లూ తిరిగేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లు తెచ్చిన ఫారాలు చదివి, ఏ సీటు ఎటు పోతుందో చెప్పడం నా పని. ఎగిరి గంతేయలేదు, మోకాళ్లు సహకరించవు కాబట్టి. కాలేజీ వదిలాక 'సార్, మీరేమంటారు' అని నన్ను అడిగిన మొదటి మనిషి అతనే.

మా ఆవిడ మాత్రం పెదవి విరిచింది. "మనుషులను చూడకుంట కాయితాలు చూసి చెప్తరా? ఇంట్ల ఉప్పు డబ్బా ఏడున్నదో తెల్వది గని, ఎవలు ఎవలకు ఓటేస్తరో తెలుస్తదట" అంది.

ఆ మాట నాకు కోపం తెప్పించింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని ఊరికే అనలేదు.

బస్టాండ్ వెనక ఒక మేడ మీద గది అద్దెకు తీసుకున్నారు. రెండు బల్లలు, ఒక కంప్యూటర్, గోడకు జిల్లాల పటం. మన దేశంలో రాష్ట్రపతిని ఎన్నుకునేది మనం కాదు గాని, ఆ ఏడు ఎన్నిక మాత్రం అమెరికాలో అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నట్టే నడిచింది. తన నియోజకవర్గంలో ఎవరు నిలబడ్డారో చెప్పలేని మనిషి కూడా పైన కుర్చీలో ఎవరు కూర్చోవాలో తడుముకోకుండా చెప్పేవాడు. గోడల మీద, ఆటోల వెనక అవే రెండు మూడు మొహాలు. రాష్ట్రం మొత్తానికి ఒక లెక్క తీసి, దాన్ని సీట్లకు పంచేస్తే సరిపోతుందని హైదరాబాద్‌లో ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్ల అభిప్రాయం. సరిపోదని నా అభిప్రాయం. సరిపోయేటట్టయితే నన్నెందుకు పెట్టుకుంటారు?

ఫారం చదవడమంటే టిక్కులు లెక్కపెట్టడం కాదు. జమ్మికుంట మార్కెట్ యార్డులో తేమ ఉందని పత్తి ధర తగ్గించిన రోజు చుట్టుపక్కల ఊళ్లలో అడిగితే, ఉన్న ప్రభుత్వానికి ఓటేస్తానన్నవాడు మచ్చుకు దొరకడు. వారం ఆగి అడిగితే అదే మనిషి 'చూద్దాం' అంటాడు. భర్త గడపలో నిలబడి ఉంటే భార్య చెప్పిన జవాబులో సగం భర్తదే. ఇవన్నీ చూసుకొని కొన్ని జవాబులకు బరువు పెంచాలి, కొన్నిటికి తగ్గించాలి. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి 'చెప్పలేం' అన్నవాళ్లది. మా దగ్గర చెప్పలేం అంటే తెలియదని కాదు, నీకెందుకు చెప్పాలి అని. వాళ్లను ఎటు పంచాలో తేల్చడానికే సగం రోజు పట్టేది. ఆ పని నాకు నచ్చింది. నచ్చింది అనడం తక్కువే, నేను ఆ గదిలో ఇరవై ఏళ్లు చిన్నవాణ్ణయ్యాను.

అన్నిటికీ పైన నాకొక సూత్రం ఉండేది. నిజమైన జవాబులు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. ఒక్క కడుపున పుట్టిన అన్నదమ్ములే ఒక్క మాట మీద నిలబడరు. అట్లాంటిది ఒక ఊరి ఫారాల్లో జవాబులన్నీ ఒకేలా వస్తే, అవి గడపగడపకు తిరిగి రాసినవి కావు, హోటల్లో చాయ్ తాగుతూ నింపినవి. ఈ సూత్రంతో మొదటి పది రోజుల్లోనే ఇద్దరిని పట్టుకున్నాను. ఇద్దరూ తలొంచుకొని ఒప్పుకున్నారు. మేనేజర్ 'సార్ కంట్లో ఎక్స్‌రే ఉంది' అన్నాడు. ఆ పొగడ్త నా తలకెక్కింది.

ఇప్పుడు ఆమె గురించి చెప్పాలి. ఆమెది సిరిసిల్ల, ముప్పై ఐదేళ్లుంటాయి. భర్త పవర్‌లూమ్ మీద పని చేసేవాడు, ఆమె ఇంట్లో బీడీలు చేసేది. తండ్రి బతికున్నప్పుడు చీరల మూట కట్టుకొని ఆదిలాబాద్ అడవి వైపు ఉట్నూర్ చుట్టుపక్కల వారం వారం అంగళ్లకు పోయి అమ్మేవాడట. చిన్నతనంలో ఆయన వెంట తిరిగి గోండి మాట నేర్చుకుంది. ఏజెన్సీ ఊళ్లకు ఎవరు పోతారని అడిగినప్పుడు మిగతావాళ్లు దోమలన్నారు, జ్వరాలన్నారు, జీపులు దొరకవన్నారు. ఆమె ఒక్కతే చెయ్యెత్తింది. ఏజెన్సీ పని సరిగ్గా పూర్తి చేసినవాళ్లను ఎన్నికల తర్వాత ఉత్తర జిల్లాలకు సూపర్‌వైజర్‌గా పెట్టుకుంటామని మేనేజర్ అందరి ముందూ మాటిచ్చాడు. అది ఎన్నిక అయిపోగానే పోయే పని కాదు, ఏడాది పొడుగునా ఉండేది.

ఫారాలు తీసుకోవడానికి వచ్చిన రోజు నా బల్ల దగ్గర ఆగింది.

"సార్, గీ పని నిలవడితె బీడీల చాట అటకెక్కిస్త. ఆ తంబాకు వాసనకు దగ్గుతోని సస్తున్న" అంది.

"మంచిగ చెయ్యమ్మా" అన్నాను.

ఆ దగ్గు నిజంగానే చెడ్డ దగ్గు. మాట మధ్యలో ఆగి, కొంగు అడ్డం పెట్టుకొని దగ్గి, మళ్లీ ఆగిన మాట దగ్గరే మొదలుపెట్టేది. అడవిలో ఈమె ఎట్లా తిరుగుతుందో అనుకున్నాను. అనుకోవడం వరకే.

ఎనిమిది రోజుల తర్వాత బస్సు పార్సిల్లో ఆమె ఫారాల కట్ట వచ్చింది. ఆరు ఊళ్లవి. ఆ ఊళ్లలో సిగ్నల్ లేక ట్యాబ్‌లు పనిచేయవు కాబట్టి అన్నీ కాగితం మీదే. మొదటి ఊరి ఫారాలు తిప్పాను, అందరిదీ ఒకే గుర్తు. ముసలివాళ్లు, పడుచువాళ్లు, ఆడ, మగ, అందరూ అదే. రెండో ఊరు తీశాను. మళ్లీ అందరిదీ ఒకే గుర్తు. మూడో ఊళ్లో గుర్తు మారింది గాని, ఊరంతా మళ్లీ ఒక్కటే. ఆరు ఊళ్లూ ఇదే వరస. నాలుగు ఊళ్లు ఒక పార్టీకి, రెండు ఊళ్లు ఇంకో పార్టీకి. 'చెప్పలేం' అన్న గడి ఎక్కడా నిండలేదు. ఫోన్ నంబర్లు చూద్దును కదా, ఒక ఊళ్లో సగం ఫారాల మీద ఒకే నంబరు. దానికి నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ కలవలేదు.

నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే సంతోషమేసింది, నా సూత్రం మూడోసారి గెలిచింది కదా అని. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆమెను కరీంనగర్‌కు రమ్మని కబురు చేశాను. ఉట్నూర్ వైపు నుంచి రెండు బస్సులు మారి మధ్యాహ్నానికి వచ్చింది. జుట్టు మీద, కనుబొమల మీద ఎర్రటి దుమ్ము. గదిలో ఆ రోజు మేనేజర్ ఉన్నాడు, ఫారాలు అప్పజెప్పడానికి వచ్చిన పది పన్నెండు మంది ఉన్నారు. ఆమెను పక్కకు పిలిచి అడగాలని నాకు తోచలేదు. క్లాసులో కాపీ కొట్టినవాణ్ణి నిలబెట్టినట్టు అందరి మధ్యలో నిలబెట్టాను.

"ఇవి ఏ హోటల్ల కూసొని నింపినవమ్మా?" అన్నాను.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది.

"హోటలేంది సార్? ఆ ఊర్లల్ల హోటలెక్కడిది? గడపగడపకు తిరిగిన. ఇంట్ల లేనోళ్లను చేనుకాడికి పొయ్యి అడిగిన."

"గడపగడపకు తిరిగితే ఒక్కడన్న తేడా చెప్పడా? ఊరంతా ఒకటే మాట చెప్పుడేంది?"

"గూడెంల గట్లనే ఉంటది సార్. ఊరిపెద్ద పటేల్ ఇంటి ముంగట అందరు కూసుంటరు, ఆడోళ్లు సుత. రోడ్డు ఎవలేపిస్తమన్నరు, పోడు భూములకు పట్టాలు ఎవలిస్తమన్నరు, అన్ని మాట్లాడుకుంటరు. కొట్లాట గూడ అయితది. ఒకపాలి తేల్చుకున్నంక ఇగ ఎవ్వలు మాట తప్పరు. తప్పితె దేవుని ముంగట తప్పైతదంటరు."

"ఎవరి ఓటు వాళ్లది. అందుకే గదా డబ్బా ఇచ్చి పంపింది?"

జవాబు చెప్పడానికి జంకేవాళ్ల కోసం అందరికీ ఒక్కో అట్టడబ్బా ఇచ్చాం. చీటీ మీద గుర్తు పెట్టి, ఎవరికీ చూపకుండా అందులో వేయాలి.

"డబ్బ తీస్తె నవ్విండ్రు సార్. చీటి మీద గుర్తు పెట్టి, పక్కోనికి జూపిచ్చి, అప్పుడు ఏసిండ్రు. దాసుకునేదేమున్నది, మనం దొంగతనం చేస్తున్నమా అన్నరు."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె అటు చూడలేదు.

"మరి ఫోన్ నంబరు అన్నిట్ల ఒక్కటే ఎందుకున్నది?"

"ఆ ఊరికి రెండే ఫోన్లు సార్. అవి గూడ గుట్టెక్కితెనే మోగుతయి."

ప్రతి ప్రశ్నకూ జవాబుంది. జవాబులన్నీ చక్కగా అతకడమే నా అనుమానాన్ని పెంచింది. అబద్ధాలు చెప్పేవాళ్లే అన్నీ ముందుగా కూర్చుకొని వస్తారని నా నమ్మకం. పట్టిన కుందేలుకు మూడే కాళ్లని కూర్చున్నవాడికి నాలుగో కాలు చూపిస్తే దాన్ని కూడా తోక అంటాడు.

ఆమె బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి, బతిమాలింది. "ఒక్కపాలి మీరే రాండ్రి సార్. ఉట్నూర్ దాంక బస్సు, ఆడికెల్లి జీపు దొరుకుతది. మీ ముంగటనే అడుగుత. నేను రాసింది తప్పైతె చెప్పుతోని కొట్టుండ్రి."

రిపోర్టుకు ఇంకా నాలుగు రోజుల గడువుంది. పోయి రావడానికి రెండు రోజులు చాలు. మోకాళ్ల నొప్పులని చెప్పాను. మోకాళ్లు సాకు. నేను భూములున్న ఇంట్లో పుట్టాను. మా చిన్నప్పుడు పంచెలు, చీరలు తెచ్చిన, ఈమె తండ్రిలాంటి సాలె ఇంటివాళ్లు అరుగు కింద నిలబడి మాట్లాడి పోయేవారు. అవన్నీ ఎప్పుడో వదిలేశాననుకున్నాను, క్లాసులో నాకు అందరూ సమానమే అనుకున్నాను. కాని ఆ రోజు బీడీలు చేసుకునే మనిషి అబద్ధం చెబుతోందని నమ్మడం నాకు సులువుగా ఉంది. నా లెక్క తప్పని నమ్మడం కష్టంగా ఉంది.

"దొంగరాతలకు పడ్డ కష్టం తిరుగుట్ల పడితె అయిపోయేది గదమ్మా" అన్నాను, అందరికీ వినబడేలా.

ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది. ఆమె ఏదో అనబోయింది. దగ్గు తెర అడ్డం వచ్చింది. అది తగ్గేదాకా గది అంతా ఎదురుచూసింది. తగ్గాక ఆమె అనాలనుకున్నది అనలేదు. సంచి భుజాన వేసుకొని మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రమే మేనేజర్ ఆమె పేరు దొంగ ఫారాల జాబితాలో ఎక్కించాడు. ఆ జాబితా మా ఒక్కరిదే కాదు, సర్వేలు చేయించే సంస్థలన్నీ ఒకరికొకరు పంపుకుంటాయి. అందులో పేరు పడ్డవాళ్లకు ఇంకెవ్వరూ పని ఇవ్వరు. నేను ఆ ఆరు ఊళ్ల ఫారాలు పక్కన పడేసి, రోడ్డు పక్క ఊళ్ల జవాబులను బట్టి అడవిలో ఊళ్లకు కూడా అంచనా వేశాను. ఆ అంచనాలో అటూ ఇటూ చక్కగా ఉంది. చూడ్డానికి ముచ్చటేసింది.

ఓట్ల లెక్కింపు రోజు రాష్ట్రం మొత్తానికి మేం చెప్పిన సీట్లు అసలు ఫలితానికి బాగా దగ్గరగా వచ్చాయి. ఉట్నూర్ వైపు సీటు మాత్రం నేను చెప్పిన పార్టీకి రాలేదు. దానికి బదులు, అవతలి పార్టీకి పోతుందని నేను చెప్పిన ఇంకో సీటు ఈ పార్టీకి వచ్చింది. మొత్తంలో లెక్క కుదిరింది. ఒక తప్పును ఇంకో తప్పు కొట్టేస్తుందని క్లాసులో ఏటేటా చెప్పేవాణ్ణి. సంస్థ నన్ను హైదరాబాద్‌కు పిలిచి శాలువా కప్పింది. టీవీలో రెండు నిమిషాలు మాట్లాడాను. మా ఆవిడ వీధిలో అందరికీ ఫోన్లు చేసి చూడమంది.

కొన్ని వారాలకు బూత్‌లవారీగా ఓట్లు నెట్‌లో పెట్టారు. నా అంచనా తప్పిన ఆ సీటు ఎందుకు పోయిందో చూద్దామని ఉట్నూర్ వైపు బూత్‌లు తెరిచాను. ఆ ఆరు ఊళ్ల పేర్లు నాకు గుర్తున్నాయి. మొదటి ఊరు చూశాను. తర్వాత మిగతా ఐదూ చూశాను. నాలుగు ఊళ్లు ఒక గుర్తుకు, రెండు ఊళ్లు ఇంకో గుర్తుకు, వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఓట్లు మాత్రమే అటూ ఇటూ. ఆమె రాసినట్టే. ఏ ఊరు ఏ గుర్తుకో కూడా ఆమె రాసినట్టే.

జమ్మికుంట వైపు ఫారాలు ఎంతో అందంగా, ఎంతో సహజంగా అటూ ఇటూ ఉన్నాయని అప్పట్లో మెచ్చుకున్నాను, అక్కడి బూత్‌లు కూడా చూశాను. వాటికీ ఫారాలకూ పొంతనే లేదు. జనం అబద్ధం చెప్పారో, తిరిగినవాళ్లే కల్పించారో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు. ఇంకొకరిని దొంగ అనే మొహం నాకు లేకపోయింది.

మర్నాడు మేనేజర్‌కు ఫోన్ చేశాను.

"సీట్ల లెక్క మంచిగనే వచ్చింది గద సార్, ఆ ఒక్క సీటుకు ఎందుకు పరేషాన్ అయితరు?" అన్నాడు.

"సీటు గురించి కాదు. ఆమె పేరు తీసేయండి."

"తీయాలంటే తప్పు ఎవరిదో రాసియ్యాలె సార్. మీదని రాసిస్తరా? టీవీల గూడ వచ్చిండ్రు, జర ఆలోచించుండ్రి."

ఆలోచించాను. ఆలోచించి మెయిల్ రాశాను. 'కొన్ని ఫారాల విషయంలో పునఃపరిశీలన అవసరమని భావించడమైనది' అని రాశాను. ఎవరు భావించారో, ఎవరి వల్ల అవసరమైందో అందులో లేదు. ముప్పై ఏళ్ల సర్కారు నౌకరీలో ఆ భాష బాగా వంటబట్టింది. జవాబు రాలేదు. నెల తర్వాత అదే మెయిల్ మళ్లీ పంపాను. దానికీ రాలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు సిరిసిల్ల పోయాను. గల్లీ అంతా మరమగ్గాల చప్పుడు. ఆమె గడపలో కూర్చొని ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేవబోయింది, ఒళ్లో తునికాకు ఉందని ఆగింది. లోపలికి పిలిచి స్టూలు వేసింది. మనిషి బాగా చిక్కింది.

"తప్పైంది. నువ్వు రాసిందే నిజం" అన్నాను.

"నేను రాసింది నిజమని నాకెర్కే గద సార్" అంది. చేతులు ఆగలేదు. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం అన్నీ వాటంతటవే నడుస్తున్నాయి.

"జాబితా నుంచి నీ పేరు తీయమని రెండుసార్లు రాసిన."

"అందుల తప్పు మీదని రాసిండ్రా?"

ఆమె నా మొహం చూసి అర్థం చేసుకుంది.

"సార్, మీరు నన్ను నలుగురి ముంగట దొంగన్నరు. ఆ గదిల ఉన్నోళ్లు ఇద్దరు గీ ఊరోళ్లే. ఈడికొచ్చి అందరికి చెప్పుకున్నరు. మా ఆయన గూడ ఒకపాలి అడిగిండు, నిజంగనే తిరిగినవా అని." దగ్గు వచ్చింది. ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. "గట్ల అందరి ముంగట అని, తప్పైందని గీ ఇంట్లకొచ్చి నా చెవుల చెప్తె ఏమొస్తది? నౌకరి వద్దు, ఏం వద్దు. గా నలుగురి ముంగటనే, ఆమె నిజం రాసింది, తప్పు నాదే అని చెప్పుండ్రి. గంతే."

"చెప్తా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఇంటికొచ్చినోళ్లు ఉత్తగ పోవద్దని చాయ్ పెట్టిచ్చింది. తాగి వచ్చేశాను.

ఆ తర్వాత పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. మేనేజర్ మళ్లీ ఫోన్ చేశాడు, కొత్తవాళ్లకు ఫారాలు ఎట్లా రాయాలో, దొంగ ఫారాలు ఎట్లా దొరికిపోతాయో ఒక గంట చెప్పమని. వెంటనే ఒప్పుకున్నాను. ఆమెకిచ్చిన మాట నిలబెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదనుకున్నాను. ఏం చెప్పాలో ఇంట్లో కూర్చొని అనుకున్నాను. ఆమె ఊరు చెప్పాలి, ఆమె పేరు చెప్పాలి, నేను అన్న ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. కష్టమైన పాఠం కూడా కాదు, మూడు వాక్యాలు.

గది నిండా కొత్త మొహాలు. మధ్యమధ్య పాతవాళ్లు. మూడో వరసలో ఆ సిరిసిల్ల వాళ్లిద్దరూ ఉన్నారు. మేనేజర్ నన్ను పరిచయం చేస్తూ టీవీ సంగతి చెప్పాడు, ఎక్స్‌రే కళ్ల సంగతి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడ్డాను.

"ఏజెన్సీ ఊళ్ల గురించి ఒక మాట," అని మొదలుపెట్టాను. "అక్కడ ఊరంతా ఒకే జవాబు చెబితే దొంగ ఫారాలనుకోవద్దు. వాళ్లు అందరూ కూర్చొని మాట్లాడుకొని తేల్చుకుంటారు. ఒకసారి తేల్చుకున్నాక ఎవ్వరూ మాట తప్పరు. డబ్బా ఇస్తే నవ్వుతారు. చీటీ పక్కవాడికి చూపించి వేస్తారు."

తర్వాతి వాక్యం ఆమె పేరుతో మొదలవ్వాలి. నోటిదాకా వచ్చింది. అప్పుడే ముందు వరసలో ఒకామె పెన్ను పైకెత్తి అడిగింది.

"సార్, గిదంత మీకెట్ల తెల్సింది సార్?"

"అనుభవం" అన్నాను.

అందరూ రాసుకున్నారు. సిరిసిల్ల వాళ్లిద్దరూ కూడా రాసుకున్నారు.